మద్రాసు సెంట్రల్ స్టేషన్ కట్టడం, చరిత్ర: నెల్లూరు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి మద్రాసు సెంట్రల్‌కు రైలు దారి సుమారు 176 కిలోమీటర్లు. ఆసుపత్రికి, పెళ్లి బట్టలకు, మరో ఊరి రైలు అందుకోవడానికి మన జిల్లా వారు తరతరాలుగా ఆ స్టేషన్‌లో దిగుతూనే ఉన్నారు. అయినా దిగినవారు సామాను, పిల్లలు, ఆటో బేరం అనే మూడింటి మధ్య పడి తల ఎత్తి చూడరు కాబట్టి, ఆ భవనాన్ని మనలో చాలామంది వెనుక వైపు నుంచే ఎరుగుదురు. ముందు వైపు నుంచి చూడదలచిన వారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

సెంట్రల్ స్టేషన్‌ను ఎప్పుడు కట్టారు? ఎవరు కట్టారు?

స్టేషన్ 1873లో మొదలైంది. మొదటి నమూనా జార్జ్ హార్డింగ్ అనే వాస్తుశిల్పిది. తరువాత రాబర్ట్ ఫెలోస్ చిజం ఆ నమూనాను మార్చి గడియారపు గోపురాన్ని, మిగతా గోపురాలపై వాలు కప్పులను చేర్చాడు. ఆ మార్పులన్నీ పూర్తయ్యేసరికి 1900 వచ్చింది. అందువల్ల ఈ స్టేషన్‌ను ఒక్క మనిషి ఊహించి ఒక్క ఊపున కట్టించిన భవనంగా భావించడం సరికాదు. అవసరం పెరిగినప్పుడల్లా గదులు కలుపుకుంటూ పోయిన ఉమ్మడి కుటుంబపు ఇల్లు వంటిది ఇది. మొదట్లో ఇక్కడ 4 ప్లాట్‌ఫారాలే ఉండేవి, వాటి మీద 12 పెట్టెల రైళ్లు నిలిచేవి. ఇప్పుడు దూరప్రాంతపు రైళ్లకు 12, సబర్బన్ రైళ్లకు 5, మొత్తం 17 ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. రెండో ప్లాట్‌ఫారానికీ మూడో ప్లాట్‌ఫారానికీ నడుమ '2ఎ' అనే పొట్టి ప్లాట్‌ఫారం ఒకటి కనిపించడం కూడా ఈ కలుపుకుంటూ పోయే అలవాటులోని భాగమే.

మద్రాసుకు ఇదే మొదటి స్టేషనా?

కాదు. మొదటిది రాయపురం. దక్షిణ భారతదేశంలో ప్రయాణికుల రైలు మొట్టమొదట 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరి ఆర్కాటు వైపు వాలాజా రోడ్డు వరకు వెళ్లింది. స్తంభాల వరుసతో నిలిచిన ఆ పాత భవనాన్ని నేటికీ చూడవచ్చు.

రాయపురం ఉండగా రెండో స్టేషన్ ఎందుకు కావలసి వచ్చింది?

రాయపురం రేవుకు దగ్గర. ఓడల నుంచి దిగే సరుకు, ఓడలకెక్కే సరుకు ఆ స్టేషన్ మీదుగానే సాగేవి కనుక, ప్రయాణికులకు చోటు ఇరుకైపోయింది. ఆ ఒత్తిడిని తగ్గించడానికి సెయింట్ జార్జ్ కోటకు పడమరగా ఉన్న పార్క్ టౌన్‌లో రెండో టెర్మినస్‌ను, అంటే పట్టాలు ఆగిపోయే ఆఖరి స్టేషన్‌ను, నిర్మించారు. 'సెంట్రల్' అన్న పేరు చూసి నగరానికి నడిబొడ్డు అదేనని మనం అనుకుంటాం గాని, ఆరంభంలో అది రెండో స్టేషన్ మాత్రమే. ప్రధాన స్టేషన్ అనే హోదా దానికి క్రమంగా వచ్చింది. 1907లో సముద్రపు ఒడ్డు వెంబడి ఉన్న బీచ్ లైనును దక్షిణానికి పొడిగించిన తరువాత రాయపురం ఆఖరి స్టేషన్‌గా ఉండే అవసరం పోయింది, దూరపు రైళ్లు సెంట్రల్‌లో ఆగడం స్థిరపడింది.

అంతకుముందు ఆ స్థలంలో ఏముండేది?

ఒక తోట. నాగపట్టణంలో వ్యాపారం చేసి 1660 ప్రాంతంలో మద్రాసుకు వచ్చి స్థిరపడిన జువావ్ పెరేరా డి ఫారియా అనే పోర్చుగీసు వర్తకుడిది. 'జాన్ పెరేరా తోట' అన్న పేరు అలా వచ్చింది. ఆయన విశ్రాంతి కోసం అందులో ఒక ఇల్లు కూడా ఉండేది. కాలం గడిచాక తోట పాడుబడి జూదరుల పాలైంది. కోడిపందేలు అక్కడి ముఖ్యమైన వేడుక. సంక్రాంతి మూడు రోజులూ మన వైపు తోటల్లో జరిగే తంతు తెలిసిన వారికి ఇందులో వింత ఏమీ ఉండదు. 1870ల నాటికి రైల్వే వారు వచ్చి ఆ ఖాళీ స్థలాన్ని తీసుకున్నారు.

ఇది ఏ శైలి భవనం? ఇండో సారసెనిక్ అనవచ్చా?

మద్రాసులో ఎర్రగా, గోపురాలతో ఉన్న ప్రతి పాత భవనాన్నీ ఇండో సారసెనిక్ అనేయడం ఒక అలవాటుగా మారింది. 1892లో పూర్తయిన హైకోర్టు భవనానికి, 1908లో తెరచిన ఎగ్మూరు స్టేషన్‌కు ఆ మాట సరిపోతుంది; మొఘలు, దక్షిణాది కట్టడాల గుమ్మటాలను, కమానులను యూరపు ప్రణాళికతో కలిపి కట్టిన భవనాలవి. సెంట్రల్ మాత్రం ప్రధానంగా గోథిక్, రోమనెస్క్ పద్ధతుల కలయిక. గోథిక్ అంటే యూరపులో మధ్యయుగపు చర్చిల నుంచి వచ్చి, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ ప్రాణం పోసుకున్న నిర్మాణరీతి. నిటారుగా పైకి లాగే గోపురాలు, మొన తేలిన కమానులు దాని గుర్తులు. రోమనెస్క్ అంతకంటె పాతది. దాని కమానులు గుండ్రంగా, గోడలు బరువుగా ఉంటాయి. ఈ రెండింటినీ కలపడంలో ఒక సౌకర్యం ఉంది. గుండ్రని కమానుల వరుస వేస్తే నీడ పడే పొడవైన వరండా దొరుకుతుంది, మద్రాసు ఎండకు అది అత్యవసరం. పైన నిలిపిన గోపురాలు దూరం నుంచే స్టేషన్ ఎక్కడుందో చెబుతాయి.

ఈ విదేశీ శరీరం మీద చిజం పెట్టిన టోపీ మాత్రం మన దక్షిణాదిదే. గోపురాలపై ఆయన వేసిన వాలు కప్పులను 'తిరువాన్కూరు టోపీలు' అంటారు. వానలు ఎక్కువగా కురిసే కేరళలో గుడులకు, ఇళ్లకు, రాజభవనాలకు వేసే ఏటవాలు కప్పుల పోలిక వాటిలో కనిపిస్తుంది. చిజం తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియానికి కూడా నమూనా ఇచ్చినవాడు. ఆ భవనం 1880లో పూర్తయింది. మద్రాసులోని ప్రెసిడెన్సీ కాలేజీ, విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్, సెంట్రల్‌కు కూతవేటు దూరంలో ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు కూడా ఆయన చేతివే. ఒకే మనిషి ఇటాలియన్ పద్ధతిలోను, ఇండో సారసెనిక్ పద్ధతిలోను, కేరళ పద్ధతిలోను పని చేశాడంటే, శైలి అనేది ఆయనకు మతం వంటిది కాదు, బీరువాలోని బట్టల వంటిదని తోస్తుంది. నా మట్టుకు సెంట్రల్‌లో అన్నింటికంటె ఆకర్షణ ఆ టోపీలే. అవి లేకపోతే ఆ భవనం ఏ ఇంగ్లీషు ఊరి స్టేషనో అనిపించేది.

గడియారపు గోపురం ఎత్తెంత? అది ఇప్పటికీ గంటలు కొడుతుందా?

ఎత్తు 136 అడుగులు. నాలుగు వైపులా నాలుగు ముఖాలున్న గడియారం, దాని పైన జెండా కొయ్య. పావుగంటకు ఒకసారి, గంటకు ఒకసారి మోగేలా దానిని అమర్చారు. ఎదుటి రోడ్డు మీది హారన్ల మధ్య ఆ మోత వినిపించాలంటే మాత్రం తెల్లవారుజామున దిగాలి.

రైల్వే స్టేషన్‌కు అంత పెద్ద గడియారం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు కొంచెం పొడవైనది. రైళ్లు రాకముందు ప్రతి ఊరికీ తన సొంత కాలం ఉండేది. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు. తూర్పున ఉన్న ఊరికి ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత. ఎడ్లబండిలో పోయేవాడికి ఈ తేడా తెలిసేది కాదు. రైలుకు మాత్రం ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు రెండు కాలాలు ఉంటే ప్రాణాపాయం. అందుకని దేశం మొత్తానికి రైళ్లన్నీ ఒక ఊరి కాలాన్ని పాటించాలని నిర్ణయించినప్పుడు, ఖగోళ పరిశీలనశాల ఉన్న మద్రాసు ఎంపికైంది. కలకత్తాకు, బొంబాయికి నగరాలుగా వేరే కాలాలు ఉన్నా, రైళ్ల పట్టికలు 'మద్రాసు టైము' ప్రకారమే నడిచేవి. 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైము అమలులోకి వచ్చేవరకు ఇదే పద్ధతి. స్టాండర్డ్ టైముకు ఆధారం మన కాకినాడకు చేరువగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాబట్టి, పాత మద్రాసు టైము దానికంటె సుమారు 9 నిమిషాలు వెనుకబడి ఉంటుంది.

ఇక్కడ నెల్లూరు వారికి ఒక ముచ్చట ఉంది. నెల్లూరు, మద్రాసు దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. సూర్యుడి లెక్కన రెండు ఊళ్లకూ తేడా ఒక నిమిషం మాత్రమే. కలకత్తా ప్రయాణికుడు రైలు కాలాన్ని తన ఊరి కాలంతో సరిపెట్టుకోవడానికి అరగంటకు పైగా కూడికలు, తీసివేతలు చేసుకోవలసి వచ్చేది. నెల్లూరులో మాత్రం ఎండ చూసి చెప్పే వేళ, రైల్వే గడియారం చెప్పే వేళ ఒకటే. సెంట్రల్ గోపురం పూర్తయిన 1900 నాటికి ఇంకా మద్రాసు టైమే నడుస్తున్నది కనుక, ఆ గడియారం మొదటి కొన్నేళ్లు చూపించినది ఒక రకంగా మన వేళే.

సెంట్రల్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద దిగినా మెట్లు ఎక్కకుండా బయటికి రావచ్చు, నెల్లూరులో అలా ఎందుకు లేదు?

నెల్లూరు దారి మధ్యలో ఉన్న స్టేషన్. పట్టాలు ఉత్తరం నుంచి వచ్చి దక్షిణానికి సాగిపోతాయి. ఒక వైపు నుంచి మరో వైపుకు పోవాలంటే వాటిని దాటాలి కనుక వంతెన తప్పదు. సెంట్రల్ టెర్మినస్, అంటే పట్టాలు అక్కడితో ఆగిపోయే చోటు. ప్లాట్‌ఫారాలన్నీ చేతివేళ్ల లాగా విడివిడిగా ఉండి, అరచేయి వంటి ఒక విశాలమైన ఆవరణలో కలుస్తాయి. ఆ అరచేతికి ముందు భాగంలో పాత భవనం నిలిచి ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వచ్చే పెద్దవారికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు లేదు.

అయితే ఈ ఏర్పాటుకు రెండు చిక్కులున్నాయి. వచ్చిన ఇంజను ముందుకు పోలేదు; దాని ముందు గోడ, వెనుక అది లాక్కొచ్చిన పెట్టెలు. పెట్టెలను వెనుక నుంచి మరో ఇంజను లాగితే గాని మొదటిదానికి విడుదల లేదు. రెండో చిక్కు స్థలానిది. దారి మధ్యలోని స్టేషన్‌ను రెండు వైపులా పొడిగించవచ్చు. టెర్మినస్‌కు ముందు వైపు భవనం, దాని ముందు రోడ్డు ఉన్నందున, 12 పెట్టెల రైళ్లు 24 పెట్టెలవైనప్పుడు ప్లాట్‌ఫారాలు వెనక్కే పెరగాలి. మీ పెట్టె చివరన పడితే సామాను మోసుకుంటూ అర కిలోమీటరు నడిచినట్లు అనిపించడానికి కారణం ఇదే.

రైలు బేసిన్ బ్రిడ్జి దగ్గరకు వచ్చి ఎందుకు ఆగిపోతుంది?

పై జవాబులో చెప్పిన వేళ్లన్నీ కలిసే మణికట్టు అదే కాబట్టి. నెల్లూరు, గూడూరు మీదుగా ఉత్తరం నుంచి వచ్చే రైళ్లు, అరక్కోణం మీదుగా పడమర నుంచి వచ్చే రైళ్లు అక్కడే ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఖాళీ పెట్టెలను కడిగి సిద్ధం చేసే యార్డు కూడా ఆ దగ్గరలోనే ఉన్నందున, అటూ ఇటూ తిరిగే ఖాళీ బండ్లకు కూడా అదే దారి. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేవరకు సిగ్నల్ పడదు. బేసిన్ బ్రిడ్జి రాగానే సామాను దించుకుని తలుపు దగ్గర నిలబడేవారు, పావుగంట తరువాత కూడా అక్కడే నిలబడి ఉండడం మన ప్రయాణాల్లో మామూలు దృశ్యం.

ఆ పేరులోని 'బేసిన్' ఏమిటి?

బకింగ్‌హాం కాలువలో పడవలు నిలిచే రేవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఈ కాలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. 1806లో బేసిల్ కోక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన ఉప్పునీటి కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటి, పాత ప్రకాశం జిల్లా తీరంలోని పెదగంజాం వరకు వచ్చింది. అక్కడ కొమ్మమూరు కాలువ ద్వారా కృష్ణా డెల్టాతో కలిసింది. 1877-78 కరువులో పని లేని జనానికి కూలి చూపించడం కోసం మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ మరో 8 కిలోమీటర్లు తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు కాలువకు అప్పుడు స్థిరపడింది.

రైలు రాకముందు మన తీరపు ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసుకు చేరింది ఈ నీటి దారిలోనే. సెంట్రల్ స్టేషన్ పక్కనుంచి ఆ కాలువ ఇప్పటికీ పారుతున్నది, అయితే పారుతున్నది నీరు అనడానికి కొంత ధైర్యం కావాలి. పాత దారి, కొత్త దారి రెండూ నగరంలో ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికమని నేను అనుకోను; సరుకు దిగే చోటు, బజారు, కోట అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నప్పుడు ఏ దారి అయినా అక్కడికే రావాలి.

నెల్లూరు మీదుగా విజయవాడ, మద్రాసు మధ్య రైలు ఎప్పుడు మొదలైంది?

1899లో. అంతకుముందే తూర్పు తీరపు రైలు మార్గం 1893, 1896 మధ్య కటకం నుంచి విజయవాడ వరకు వచ్చి ఉంది. విజయవాడ, మద్రాసు మధ్య లైను పూర్తి కావడంతో ఉత్తరాది దారి మద్రాసుకు తెరుచుకుంది. చిజం మార్పులతో స్టేషన్ తుది రూపం దాల్చిన 1900కు, ఈ లైనుకు మధ్య తేడా ఒక్క ఏడాది. తరువాత 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య లైను పూర్తయి ఢిల్లీకి నేరు దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైనది కూడా ఆ ఏడే. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఈ దారికి ఆయువుపట్టు మన బిట్రగుంట. అక్కడి లోకోషెడ్డు, రైల్వే కాలనీ ఆ ఊరినే రైల్వే ఊరిగా మార్చాయి. 1980 నాటికి విజయవాడ, మద్రాసు మధ్య కరెంటు లైను రావడంతో ఆ షెడ్డు వైభవం తగ్గింది. 1992లో మొదలైన పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు మన పెన్నానది పేరే పెట్టారు.

రామేశ్వరం, మదురై వెళ్లాలంటే సెంట్రల్‌లో దిగి ఎగ్మూరుకు ఎందుకు మారాలి?

రెండు వేరు వేరు కంపెనీలు, రెండు వేరు వేరు పట్టాల వెడల్పులు. సెంట్రల్ మద్రాసు రైల్వే వారిది. అది 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారింది. వారి ప్రధాన మార్గాలు బ్రాడ్‌గేజి, అంటే 1,676 మిల్లీమీటర్లవి. ఎగ్మూరు సౌత్ ఇండియన్ రైల్వే వారిది. దక్షిణానికి పోయే వారి లైను మీటరుగేజి. పట్టాలే కలవనప్పుడు బండి అటు నుంచి ఇటు రాలేదు. కనుక ఉత్తరాది యాత్రికులు సెంట్రల్‌లో దిగి, జట్కాలోనో రిక్షాలోనో సుమారు 2 కిలోమీటర్లు పోయి ఎగ్మూరులో మళ్లీ రైలెక్కేవారు. ఇప్పుడు గేజి ఒకటే అయినా, దక్షిణాది రైళ్లలో ఎక్కువ భాగం ఎగ్మూరు నుంచే బయలుదేరే అలవాటు పోలేదు.

సెంట్రల్, మూర్ మార్కెట్, పార్క్, పార్క్ టౌన్ ఇవన్నీ ఒకే స్టేషనా?

కావు, కాని అన్నీ నడిచిపోయేంత దగ్గర. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు, అరక్కోణం వైపు పోయే సబర్బన్ రైళ్లు సెంట్రల్‌ను ఆనుకుని ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి బయలుదేరుతాయి. తాంబరం వైపు పోయే వారు రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కు పోవాలి. పార్క్ టౌన్ అనేది మైలాపూరు వైపు ఎత్తు మీద సాగే లైనుది. వీటన్నింటి కింద మెట్రో స్టేషన్ ఉంది. దాని సొరంగ దారులు వచ్చాక రోడ్డు దాటే తిప్పలు తగ్గాయి.

సబర్బన్ భవనం ఉన్న చోట 1900లో తెరచిన అసలు మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలకు ఆ అంగడి పెట్టింది పేరు. మద్రాసులో చదువుకున్న తెలుగువారిలో అక్కడ బేరమాడని వారు అరుదు. 1985 మేలో అది అగ్నికి ఆహుతైంది.

స్టేషన్ పక్కనున్న గుమ్మటాల పెద్ద భవనం కూడా స్టేషన్‌లో భాగమేనా?

అది ప్రధాన కార్యాలయం. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే 1915లో మొదలుపెట్టి 1922లో పూర్తి చేసింది. దీనిని ఇండో సారసెనిక్ అనవచ్చు. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినప్పటి నుంచి దానికి కేంద్రం ఇదే. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి విజయవాడ డివిజను అందులోకి పోయేవరకు, నెల్లూరు స్టేషన్‌కు సంబంధించిన పెద్ద నిర్ణయాలు ఆ గుమ్మటాల కిందే జరిగేవి. అంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన తరువాత కూడా మరో 13 ఏళ్లు రైలు విషయంలో మనం మద్రాసు పాలనలోనే ఉన్నామన్నమాట. ప్రత్యేక రాష్ట్రం కోసం 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణాలర్పించిన పొట్టి శ్రీరాములు, ఉద్యమాలలోకి రాకముందు బొంబాయి వైపు గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగి అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది.

స్టేషన్ పేరు ఎన్నిసార్లు మారింది?

రెండుసార్లు. నగరం పేరు మద్రాసు నుంచి చెన్నైకి 1996లో మారాక అది చెన్నై సెంట్రల్ అయింది. 2019లో మాజీ ముఖ్యమంత్రి పేరు మీద 'పురచ్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్' అయింది. రైల్వే కోడు మాత్రం ఎం.ఏ.ఎస్.గానే ఉంది; అందులో దాగి ఉన్నది పాత మద్రాసే. నెల్లూరు బస్టాండులో ఎవరిని అడిగినా 'మద్రాసు సెంట్రల్' అనే అంటారు.

భవనాన్ని సరిగా చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

బయటికి రాగానే వెనక్కి తిరిగి చూస్తే లాభం లేదు; అంత దగ్గర నుంచి గోడ కనిపిస్తుంది గాని ఆకారం తెలియదు. సొరంగ దారిలో పూనమల్లి హైరోడ్డు దాటి, జనరల్ ఆసుపత్రి వైపు కాలిబాట మీదికి రావాలి. అక్కడి నుంచి గడియారపు గోపురం, మూలల్లో దానికంటె పొట్టివైన గోపురాలు, వాటి మీది వాలు కప్పులు, కింద కమానుల వరుస ఒకే చూపులో అందుతాయి. పడమరకు పది నిమిషాలు నడిస్తే విక్టోరియా పబ్లిక్ హాలు, 1913లో పూర్తయిన తెల్లటి రిపన్ బిల్డింగు వరుసగా వస్తాయి. తిరుగు రైలుకు గంట ముందే వచ్చే అలవాటు మన వారికి ఎలాగూ ఉంది కనుక, ఆ గంటలో సగం దీనికి చాలు.